వాట్లు రాసివ్వండి: నాలుగు ల్యాప్‌టాప్ వర్క్‌స్టేషన్ల కొనుగోలు డైరీ

జులై 7, 2025

మాదాపూర్ ఆఫీసులో లేజర్ స్కాన్ డేటా నుంచి రెవిట్ (భవనాల 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్ తీసే పని. నాలుగు పాత మొబైల్ వర్క్‌స్టేషన్లు ఉన్నాయి. ఏడో తరం ఇంటెల్, 64 జీబీ డీడీఆర్4, 4 జీబీ క్వాడ్రో గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ). విండోస్ 10 సపోర్టు అక్టోబర్ 14తో ముగుస్తుంది. ఈ ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. కాబట్టి మార్చాలా వద్దా అన్న చర్చే లేదు. ఉన్నది తీసుకోవాలా, కొత్త తరం వచ్చేదాకా ఆగాలా అన్నదే తేలాలి.

ఏ మోడల్ అని వెతికే ముందు పాత మెషిన్లు ఎక్కడ ఆగిపోతున్నాయో కొలుస్తున్నాం. విండోస్‌లోనే ఉన్న పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో డేటా కలెక్టర్ సెట్ పెట్టాం. 5 సెకన్లకోసారి రీడింగ్, ఐదు పనిరోజులు. అందులో కమిటెడ్ బైట్స్ (ప్రోగ్రాములకు కేటాయించిన మొత్తం మెమరీ), డిస్క్ క్యూ, ఒక్కో కోర్ వాడకం, జీపీయూ డెడికేటెడ్ మెమరీ, షేర్డ్ మెమరీ (జీపీయూ ర్యామ్‌లోంచి అరువు తెచ్చుకునేది) పెట్టుకున్నాం. టాస్క్ మేనేజర్ చూసి అంచనా వేస్తే చాలదు. పీక్ అరనిమిషమే ఉంటుంది, ఆ అరనిమిషంలో ఎవరూ దాన్ని చూస్తూ కూర్చోరు.

జులై 14

వారం లాగ్ వచ్చింది. స్కాన్ రిజిస్ట్రేషన్ (విడివిడి స్కాన్లను ఒకటిగా అతికే పని) నడిచేటప్పుడు 64 జీబీ నిండిపోయి, కమిటెడ్ 97 జీబీ దాకా వెళ్తోంది. మిగతాది డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి పోతోంది. మెషిన్ బిగుసుకుపోయిందని ఫిర్యాదు వచ్చేది సరిగ్గా అప్పుడే. రెవిట్‌లో సీపీయూ మొత్తం వాడకం 12, 13 శాతం చూపిస్తుంది. ఇది చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటారు. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే కనబడే అంకె 12.5 శాతమే. అంటే రెవిట్ అక్కడ గోడకు ఆనుకుంది. రెండు డజన్ల కోర్లు ఇచ్చినా దానికి లాభం తక్కువ, ఒక్క కోర్ వేగంగా ఉండాలి. రెండర్ చేసేటప్పుడు 4 జీబీ వీర్యామ్ (జీపీయూ సొంత మెమరీ) నిండి, ఇంకో 6 జీబీకి పైగా షేర్డ్ మెమరీలోకి పొంగుతోంది.

వీటిని బట్టి అవసరం ఒక లైన్‌లోకి వచ్చింది: 128 జీబీ ర్యామ్, 16 జీబీ వీర్యామ్, సింగిల్ కోర్ వేగం. ప్రాసెసర్ పేరు, స్క్రీన్, ఏఐ స్టిక్కర్ అన్నీ వీటి తర్వాతే.

జులై 18

ఆగాలా వద్దా అన్నది ఈ మూడు అంకెలతోనే తేల్చాం. పాత స్టాకులో దొరికే ఎన్విడియా ఎడా తరం ల్యాప్‌టాప్ జీపీయూల్లో 16 జీబీ కావాలంటే అన్నిటికంటే పైదైన ఆర్‌టీఎక్స్ 5000 ఎడాకే పోవాలి. దాని కింద ఉన్న 4000 ఎడా, 3500 ఎడా రెండూ 12 జీబీ దగ్గరే ఆగుతాయి. 2025 మార్చిలో ఎన్విడియా ప్రకటించిన బ్లాక్‌వెల్ తరంలో ఆర్‌టీఎక్స్ ప్రో 4000కే 16 జీబీ, ప్రో 5000కు 24 జీబీ. మా పనికి అవసరమైన వీర్యామ్ ఒక మెట్టు కిందికి దిగింది, దిగితే ధర కూడా ఆ మెట్టుదే. ఆగడానికి ఈ ఒక్క కారణం చాలు. కొత్తది వస్తోందట కదా అని ఆగేవాళ్లు ఏటా ఆగుతూనే ఉంటారు.

ప్రాసెసర్ వైపు అంత ఆశ లేదు. కోర్ అల్ట్రా 9 285హెచ్‌ఎక్స్‌లో 8 పెద్ద కోర్లు, 16 చిన్న కోర్లు, గరిష్ఠంగా 5.5 గిగాహెర్ట్జ్. కోర్ అల్ట్రా 7 265హెచ్‌ఎక్స్‌లో 8 పెద్దవి, 12 చిన్నవి, 5.3 గిగాహెర్ట్జ్. రెవిట్‌కు ఆ 0.2 తేడా కోసం ఒక మెట్టు ధర పెట్టక్కర్లేదు. 265 దగ్గరే ఆగుతున్నాం, ఆ మిగులు ర్యామ్‌కు పోతుంది. ఎన్‌పీయూ (ప్రాసెసర్‌లో ఏఐ పనులకు ఉన్న భాగం) గురించి సేల్స్‌వాళ్లు చాలా చెబుతారు. ఈ వరుసలో అది 13 టాప్స్ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలైతే ఒక టాప్స్). కోపైలట్ ప్లస్ పీసీకి మైక్రోసాఫ్ట్ అడిగేది 40. ఆ కాలమ్ షీట్‌లోంచి కొట్టేశాం.

పోలికలో మిగిలినవి డెల్ ప్రో మ్యాక్స్ 16 ప్లస్ (ప్రెసిషన్ 7000 వరుసకు 2025లో వచ్చిన కొత్త పేరు), హెచ్‌పీ జెడ్‌బుక్ ఫ్యూరీ జీ1ఐ, లెనోవో థింక్‌ప్యాడ్ పీ16 జెన్ 3. మొదటి రెండింటికీ 18 అంగుళాల అన్నలున్నారు. బ్యాగులో పెట్టుకుని సైట్లు తిరిగేవాళ్లకు 18 వద్దనుకున్నాం.

ఆగస్టు 4

కొటేషన్లు రావడం మొదలైంది, వాటితోపాటు తలనొప్పి కూడా. అందరూ ఆర్‌టీఎక్స్ ప్రో 4000, 16 జీబీ అనే రాస్తున్నారు. ఎన్ని వాట్లో ఒక్కరూ రాయడం లేదు. ల్యాప్‌టాప్ జీపీయూలో అసలు సంగతంతా అక్కడే ఉంది. ఒకే చిప్‌ను తయారీదారు తన చాసీ చల్లదనాన్ని బట్టి తక్కువ వాట్లకూ ఎక్కువ వాట్లకూ కట్టుకోవచ్చు. ప్రో 5000 ల్యాప్‌టాప్ చిప్‌కు ఎన్విడియా ఇచ్చిన పరిధే 95 నుంచి 175 వాట్లు. 95 దగ్గర నడిచే పెద్ద చిప్ కంటే నిండుగా నడిచే చిన్న చిప్ చాలా పనుల్లో మెరుగు.

ఇంకో చిక్కు డైనమిక్ బూస్ట్. సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి జీపీయూకు గరిష్ఠంగా 25 వాట్ల దాకా ఇచ్చే ఏర్పాటు అది. బ్రోచర్‌లో రెండూ కలిపి రాస్తారు. 140 అని ఉంటే అది 115, పైన 25 కావచ్చు. సీపీయూ కూడా పనిచేస్తుంటే ఆ 25 రాదు. మా రెండర్లలో సీపీయూ ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఒక డీలర్‌తో ఫోన్‌లో:

"ఫుల్ పవర్ వస్తది సార్, టెన్షన్ పడకండి."

"ఫుల్ అంటే ఎన్ని వాట్లన్నా? కొటేషన్‌లో రాసివ్వు."

"అది కంపెనీని అడగాలె సార్."

అడిగితే రెండు రోజులకు పీడీఎఫ్ వచ్చింది. తెరిస్తే డెస్క్‌టాప్ కార్డు బ్రోచర్! పేరు ఒకటే కావడంతో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ ప్రో 4000కు 24 జీబీ, ల్యాప్‌టాప్‌ది 16. డెస్క్‌టాప్ 5000కు 48, ల్యాప్‌టాప్‌ది 24. పీడీఎఫ్‌లో వీర్యామ్ అంకె చూస్తే ఏ బ్రోచర్ వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. డీలర్‌ను అడగడం కంటే కంపెనీల స్పెక్ పత్రాలు, అంటే లెనోవోకు పీఎస్‌రెఫ్, హెచ్‌పీకి క్విక్‌స్పెక్స్, డెల్‌కు ఓనర్స్ మాన్యువల్ తెరవడం మేలు. ర్యామ్ స్లాట్లు, అడాప్టర్ వాట్లు, ఎస్‌ఎస్‌డీ సైజుల వంటివి అక్కడ దొరుకుతాయి.

ఆగస్టు 22

ర్యామ్ గురించి కాస్త ఎక్కువే రాయాలి. డబ్బు ఇక్కడ చాలా పోతుంది, తప్పులూ ఇక్కడే ఎక్కువ.

పెద్ద వర్క్‌స్టేషన్లలో నాలుగు సోడిమ్ (ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్) స్లాట్లుంటాయి. 128 జీబీకి 32 జీబీ స్టిక్స్ నాలుగు పెట్టొచ్చు, 64 జీబీ స్టిక్స్ రెండైనా పెట్టొచ్చు. కాగితం మీద రెండూ 128 జీబీయే. కానీ ఒక్కో చానల్ (ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య దారి, ఇవి రెండుంటాయి) మీద రెండేసి స్టిక్స్ పడితే సిగ్నల్ బరువై కంట్రోలర్ వేగం తగ్గించుకుంటుంది. 13వ తరం హెచ్‌ఎక్స్ మెషిన్లలో 5600 వేగం స్టిక్స్ నాలుగు పెడితే 4000 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగేది. 64 జీబీ సోడిమ్ స్టిక్స్ మార్కెట్లోకి వచ్చాక ఇక నాలుగు పెట్టాల్సిన పని లేదు. పైగా రెండు స్లాట్లు మిగులుతాయి. కొన్ని మోడళ్లలో రెండు స్లాట్లు కింది మూత తీస్తే అందుతాయి, మిగతా రెండు కీబోర్డు కింద ఉంటాయి. ఫ్యాక్టరీ వాళ్లు స్టిక్స్ ఏ జతలో పెట్టి పంపుతారో ముందే అడగాలి.

డెల్ దారి వేరు. అక్కడ సోడిమ్ కాదు, క్యామ్2. కార్డులా పలకగా ఉండే మాడ్యూల్‌ను బోర్డు మీద పరిచి స్క్రూలతో బిగిస్తారు. 2022లో ప్రెసిషన్ 7670తో డెల్ తెచ్చిన క్యామ్ నుంచి పుట్టిన ప్రమాణం ఇది, మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ 2023 డిసెంబర్‌లో ఖరారు చేసింది. ఒక్క మాడ్యూలే రెండు చానళ్లనూ నింపుతుంది, కాబట్టి స్టిక్స్ లెక్క తప్పే ప్రమాదం లేదు, వేగమూ ఎక్కువే. ఇబ్బంది విడిగా కొనేటప్పుడు వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగాం. సోడిమ్ ప్రతి షాపులో ఉంది. క్యామ్2 అంటే అదేంటని ఎదురడిగారు. దాన్ని ఎంచుకుంటే మొదటిరోజే పూర్తి సైజు తీసుకోవాలి, తర్వాత పెంచుకుందాం అనుకుంటే కుదరదు.

సెప్టెంబర్ 12

రెండు డెమో యూనిట్లు ఈ వారంలో వచ్చాయి. శనివారం 6న రావాల్సినవి సోమవారం చేరాయి. నిమజ్జనం రోజున హుస్సేన్‌సాగర్ అటువైపు నుంచి డెలివరీ పెట్టుకున్నవాళ్లదే తప్పు. వీటిని ఏ, బీ అంటాను. కంపెనీ పేర్లు రాయడం లేదు, ఎందుకంటే అదే మోడల్ వేరే వాట్లతో కొన్నవాళ్లకు ఈ ఫలితం వర్తించదు.

పరీక్ష రెండుచోట్ల జరిగింది. ఆఫీసులో ఏసీ 24 డిగ్రీల దగ్గర, తర్వాత సైట్‌లో రేకుల షెడ్డు కింద. అక్కడ థర్మామీటర్ 35 చూపించింది. బ్లెండర్‌లో సైకిల్స్ రెండర్ జీపీయూ మీద, సినీబెంచ్ 2024 సీపీయూ మీద, రెండూ కలిపి 40 నిమిషాలు. మొదటి పది నిమిషాల అంకెలు పారేయాలి. హీట్‌సింక్ ఇంకా వేడెక్కకముందు ఏ ల్యాప్‌టాప్ అయినా హీరోనే. 15వ నిమిషం నుంచి 40వ నిమిషం దాకా సగటు తీశాం.

చూడాల్సినవి: ఎన్విడియా ఎస్‌ఎంఐ కమాండ్ ఇచ్చే పవర్ డ్రా, క్లాక్, దాని కిందే ఉండే స్లోడౌన్ కారణాలు. పవర్ క్యాప్ అని యాక్టివ్‌గా ఉంటే జీపీయూ తన వాట్ల హద్దుకు తగిలిందని అర్థం, అది మామూలే. థర్మల్ స్లోడౌన్ యాక్టివ్ అయితే చల్లదనం చాలడం లేదు, అది లోపం. సీపీయూకు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో టూల్‌లో ప్యాకేజ్ పవర్.

ఏ యూనిట్ కాగితం మీద 130 వాట్లు. ఒంటరిగా జీపీయూ నడిస్తే 130 ఇచ్చింది. సీపీయూ కూడా తోడైతే 95కు పడి అక్కడే ఉండిపోయింది, షెడ్డులో 86. బీ యూనిట్ కాగితం మీద 115 మాత్రమే. రెండూ నడిచినా 110, షెడ్డులో 104. బీలో సీపీయూ వాట్లు తగ్గాయి, దాని పవర్ పంపిణీ జీపీయూ వైపు మొగ్గు చూపుతుంది. మా పనికి కావాల్సిందీ అదే. కేవలం సీపీయూ సిమ్యులేషన్ చేసేవాళ్లకు ఏ మెరుగు కావచ్చు.

రెండింటి ఫ్యాన్ శబ్దం గురించి ఒక్క మాట: రెండూ మిక్సీలే.

సెప్టెంబర్ 24

డాక్ (ఒక్క కేబుల్‌తో మానిటర్, ఛార్జింగ్ కలిపే పెట్టె) విషయంలో ఒక వారం పోయింది. బీ యూనిట్ ఆఫీసులో ఒక టైప్-సీ డాక్‌కు తగిలించి రెండర్ పెడితే సాయంత్రానికి బ్యాటరీ 40 శాతం. ఛార్జింగ్ గుర్తు మాత్రం వెలుగుతూనే ఉంది. చివరికి తేలిందేంటంటే డాక్ ఇస్తున్నది 100 వాట్లు, మెషిన్ లాగుతున్నది 200కు పైన. తేడా బ్యాటరీలోంచి పోతోంది, అదీ అయిపోతే జీపీయూ తనంత తాను క్లాక్ తగ్గించుకుంటుంది. టైప్-సీ ప్రమాణం 2021 నుంచి 240 వాట్ల దాకా అనుమతిస్తుంది, కానీ డాక్, కేబుల్, ల్యాప్‌టాప్ మూడూ దానికి సరిపోవాలి. నిర్ణయం: డాక్ డేటాకు, మానిటర్‌కు మాత్రమే. కంపెనీ అడాప్టర్ విడిగా ఎప్పుడూ తగిలించే ఉండాలి. ఒక్కొక్కరికి రెండు అడాప్టర్లు, ఒకటి డెస్కుకు, ఒకటి బ్యాగుకు.

సైట్‌లో ఇంకో సంగతి. జనరేటర్ మీద నడిపితే లోహపు మూత మీద చేయి పెట్టినప్పుడు జివ్వుమంటోంది. ల్యాప్‌టాప్‌లో లోపం లేదు, సైట్ బోర్డులో ఎర్త్ లేదు. పెద్ద అడాప్టర్లకు మూడు పిన్నులు ఉన్నది ఎర్త్ కోసమే. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వాడొద్దని సైట్ టీమ్‌కు చెప్పాం, అడాప్టర్ పెట్టెలోనే చీటీ అంటించాం.

అక్టోబర్ 14

విండోస్ 10 గడువు వచ్చేసింది, కొత్త మెషిన్లు ఇంకా రాలేదు. పాత నాలుగింటినీ ఇంటర్నెట్ నుంచి తప్పించి లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేశాం. స్కాన్ డేటా ఎలాగూ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీల్లోనే వస్తుంది. మెయిల్ వేరే మెషిన్లలో. కొన్ని వారాలకు ఇది సరిపోతుంది.

అక్టోబర్ 29

ఆర్డర్ పెట్టాం. బీ యూనిట్ కాన్ఫిగరేషనే, నాలుగు. నిజానికి ఇది రెండు వారాల ముందే పెట్టాల్సింది. దీపావళి తర్వాత చూద్దాం అనుకున్నాం. ఈలోగా ర్యామ్ ధరలు పైకి ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌కు మెమరీ తయారీ అటు మళ్లింది. ఆగస్టులో 30 రోజులు చెల్లుబాటని రాసిన కొటేషన్ ఇప్పుడు 7 రోజులకు కుదించారు. ఈ ఏడాది వరకు ఆగడమంటే చౌక అయ్యేదాకా ఆగడం, ఇప్పుడు కథ తిరగబడింది. జీపీయూ కోసం ఆగింది లాభమే, ఈ చివరి రెండు వారాలు మాత్రం శుద్ధ నష్టం.

పర్చేజ్ ఆర్డర్‌లో ఈ లైన్లు విడివిడిగా రాసి డీలర్‌తో సంతకం పెట్టించాం:

జీపీయూ: 16 జీబీ, డైనమిక్ బూస్ట్ లేకుండా 115 వాట్లు.
ర్యామ్: 64 జీబీ స్టిక్స్ రెండు. నాలుగు స్టిక్స్ ఒప్పుకోం.
ఎస్‌ఎస్‌డీ: 2 టీబీ సిస్టమ్‌కు, 4 టీబీ స్కాన్ డేటాకు, వేర్వేరు స్లాట్లలో.
స్క్రీన్: ఐపీఎస్, 1920×1200. ఓఎల్‌ఈడీ వద్దు.
వారంటీ: 3 ఏళ్లు ఆన్‌సైట్, మరుసటి పనిదినం, మా పిన్‌కోడ్‌కు వర్తిస్తుందని రాతపూర్వకంగా.
బ్యాటరీ: 3 ఏళ్లు, విడిగా.

ఓఎల్‌ఈడీ ఎందుకు వద్దంటే రెవిట్ రిబ్బన్ రోజుకు పది గంటలు ఒకేచోట ఉంటుంది, ముద్ర పడుతుంది. బ్యాటరీ లైన్ ఎందుకంటే మూడేళ్ల వారంటీ అన్న మాటలో బ్యాటరీ సాధారణంగా ఉండదు, దానిది ఒక్క ఏడాదే. జీఎస్‌టీ 18 శాతం. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది కాబట్టి బిల్లు సంస్థ జీఎస్‌టీ నంబర్ మీదే ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పిద్దామనే ఆలోచన ప్రతి ఆఫీసులో ఒకరికి వస్తుంది. ఆ క్రెడిట్ పోతుంది, ఆన్‌సైట్ వారంటీ ఇక్కడికి మార్పించుకోవడం ఇంకో యాతన.

నవంబర్ 21

నాలుగు పెట్టెలు వచ్చాయి. సంతకం పెట్టే ముందే తనిఖీ. రెండు సరిగ్గా ఉన్నాయి. మిగతా రెండింటిలో 32 జీబీ స్టిక్స్ నాలుగేసి! టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ దగ్గర 4 అని కనబడుతుంది, స్పీడ్ అంకె స్టిక్ మీద రాసినదాని కంటే బాగా కింద. 64 జీబీ స్టిక్స్ కొరత, రెండూ ఒకటే కదా అని డీలర్ వాదన. ఆర్డర్‌లో లైన్ ఉంది కాబట్టి ఒకటి కాదు. ఆ రెండూ వెనక్కి పంపాం.

సీపీయూ-జెడ్‌తో చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. డీడీఆర్5లో ఒక్కో స్టిక్ లోపలే రెండు 32 బిట్ సబ్‌చానళ్లుంటాయి. ఒక్క స్టిక్ పెట్టినా రెండు 32 బిట్ అని చూపిస్తుంది, అది చూసి డ్యూయల్ చానల్ అని మురిసిపోకూడదు. నాలుగు 32 బిట్ అని ఉండాలి.

డిసెంబర్ 5

ఇన్‌స్టలేషన్ రోజు. వచ్చిన విండోస్ తీసేసి ఆఫీసు ఇమేజ్ వేయబోతే ఇన్‌స్టలర్‌కు ఒక్క ఎస్‌ఎస్‌డీ కూడా కనబడలేదు. బయోస్‌లో వీఎండీ (ఎస్‌ఎస్‌డీలను నడిపే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో ఉంది. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కితే కనబడింది. రెయిడ్ (డిస్కులను జతకట్టి వాడడం) అక్కర్లేకపోతే వీఎండీ ఆఫ్ చేసుకోవచ్చు, కానీ విండోస్ వేయక ముందే. వేశాక ఆఫ్ చేస్తే బూట్ కాదు.

బయోస్ అప్‌డేట్‌కు ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, రికవరీ కీ వేరేచోట దాచాం. వెనక్కి పంపినవాటిలో ఒకటి సరైన స్టిక్స్‌తో తిరిగొచ్చింది. స్టిక్స్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర చాలాసేపు నల్లగానే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది. అది మెమరీ ట్రైనింగ్. కంట్రోలర్ కొత్త స్టిక్స్‌కు టైమింగ్ సర్దుకుంటోంది. భయపడి పవర్ బటన్ నొక్కిపెడితే మళ్లీ మొదటికి. 128 జీబీకి కొన్ని నిమిషాలు పట్టినా కదిలించకూడదు.

విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెవిట్, స్కాన్ సాఫ్ట్‌వేర్, రెండరర్ మూడింటినీ హై పెర్ఫార్మెన్స్‌కు కట్టాలి. వదిలేస్తే స్కాన్ సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌నే పట్టుకుంటోంది, పాయింట్లు తిప్పుతుంటే నత్తనడక.

ఈ వారమే మైక్రాన్ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్ని 2026 ఫిబ్రవరితో ఆపేస్తానని ప్రకటించింది. విడిగా సోడిమ్ కొనుక్కుని తర్వాత వేసుకుందాం అనుకునేవాళ్లు ఈ వార్త చూసుకోవాలి.

డిసెంబర్ 19

మూడు మెషిన్లు పనిలో ఉన్నాయి. అదే పాత స్కాన్ ప్రాజెక్టు, అదే లాగ్, 5 సెకన్ల రీడింగ్. రిజిస్ట్రేషన్‌లో కమిటెడ్ పీక్ 101 జీబీ, అంతా ర్యామ్‌లోనే, పేజ్ ఫైల్ కదల్లేదు. రెండర్‌లో వీర్యామ్ 11.2 జీబీ. 12 జీబీ కార్డు తీసుకుని ఉంటే ఈ ఏడాది గడిచేదేమో, వచ్చే ఏడాది కష్టమే.

రెండువారాలు సైట్‌లో తిరిగిన యూనిట్ కింది మూత తీసి చూశాం. ఫిన్ల మీద అప్పుడే సన్నటి బూడిదరంగు పొర, గ్రానైట్ కోసే చోట పెట్టారు మరి. ఫ్యాన్ రెక్కను ఇయర్‌బడ్‌తో ఆపి బ్లోయర్ కొట్టాలి. ఆపకుండా కొడితే గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. సైట్ యూనిట్లకు నెలకోసారి, ఆఫీసువాటికి మూడు నెలలకోసారి.

నాలుగోది డీలర్ దగ్గరే ఉంది, 64 జీబీ స్టిక్స్ కోసం. ప్రస్తుతానికి ఒక్క 64 స్టిక్‌తో పంపుతాం, రెండోది తర్వాత ఇస్తాం అంటున్నారు. రెండు చానళ్లలో ఒకటి ఖాళీగా ఉంటుంది, మెమరీ బ్యాండ్‌విడ్త్ సగమే వస్తుంది. పైగా తర్వాత వచ్చే స్టిక్ ఇదే పార్ట్ నంబర్‌ది కాకపోవచ్చు. రెండు స్టిక్స్ ఒకే పార్ట్ నంబర్‌తో వస్తేనే తీసుకుంటాం, అప్పటిదాకా నాలుగో డెస్కు మీద పాతదే.